డేటా చేతికి రాకముందే మమ్మల్ని పిలవండి: పరిశోధన గైడ్లకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని వైద్య, వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాల్లో పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులకు గైడ్లుగా ఉన్న ఆచార్యులకు, సినాప్సిస్‌లు (థీసిస్ మొదలుపెట్టే ముందు ఇచ్చే పరిశోధన ప్రణాళికలు) పరిశీలించే సైంటిఫిక్ కమిటీల సభ్యులకు,

నమస్కారాలు.

నేను గణాంకశాస్త్రం అధ్యాపకుణ్ణి. క్లాసులో పాఠం చెప్పడం ఒక పని. వైద్యం, వ్యవసాయం, పశుపోషణ పరిశోధనల్లో ఉన్నవాళ్ల డేటా దగ్గర కూర్చోవడం చాలా ఏళ్లుగా నా రెండో పని. ఈ రెండో పనిలో కళ్లారా చూసినవే ఇవాళ ఈ ఉత్తరం రాయిస్తున్నాయి. మీ విద్యార్థులను మా దగ్గరికి తప్పకుండా పంపండి. డేటా అంతా పోగయ్యాక కాకుండా, సినాప్సిస్ రాసుకుంటున్నప్పుడే పంపండి. వీలైతే అంతకన్నా ముందు, ప్రశ్న ఇంకా మీ ఆలోచనలోనే ఉన్నప్పుడు మీరే మమ్మల్ని పిలవండి. నా విన్నపం ఇదొక్కటే. మిగతాదంతా దీనికి వివరణ.

ఇప్పుడు జరుగుతున్నది మీకు తెలియనిది కాదు. థీసిస్ సమర్పించడానికి నెల రోజులుందనగా విద్యార్థి వస్తారు. పెన్‌డ్రైవ్‌లో ఎక్సెల్ షీటు ఉంటుంది. "సార్, పి వాల్యూలు తీసిపెట్టండి" అంటారు. కొందరు ఇంకాస్త మొహమాటపడుతూ "సిగ్నిఫికెంట్ వచ్చేట్టు చూడండి సార్" అని కూడా అంటారు. నిజానికి ఏ తేడా లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా లేదా ఇంతకన్నా ఎక్కువ కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకె పి వాల్యూ. మామూలుగా అది 0.05 కన్నా తక్కువైతే ఫలితాన్ని సిగ్నిఫికెంట్ అంటారు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. రాత్రి డ్యూటీలు చేస్తూ, వార్డులో తిట్లు తింటూ, రెండేళ్లు తిరిగి కేసులు పోగుచేసి ఉంటారు. ఆ షీటు చూసిన పది నిమిషాల్లోనే, ఈ డేటా నుంచి వాళ్లడిగిన ప్రశ్నకు జవాబు రాదని నాకు అర్థమవుతుంది. ఆ మాట ఆ సమయంలో వాళ్లకు ఎలా చెప్పను?

1938 జనవరిలో కలకత్తాలో తొలి భారత గణాంకశాస్త్ర సదస్సు జరిగింది. దానికి అధ్యక్షత వహించినవారు ఆధునిక గణాంకశాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరైన బ్రిటిష్ శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్. ప్రయోగం ముగిశాక స్టాటిస్టీషియన్‌ను సంప్రదించడమంటే చాలాసార్లు పోస్టుమార్టం చేయమని అడగడమేనని, ఆ ప్రయోగం ఏ జబ్బుతో పోయిందో మాత్రం బహుశా ఆయన చెప్పగలడని ఫిషర్ ఆ సభలో అన్నారు. ఈ మాట ప్రపంచమంతా వల్లెవేస్తుంది. అది పుట్టింది మన దేశంలో, మన పరిశోధకుల ముందు. ఎనభై ఏళ్లు దాటినా మన కాలేజీల్లో పద్ధతి మారలేదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జబ్బు ముప్పై. గ్రూపుకు 30 మంది, రెండు గ్రూపులు, మొత్తం 60. ఎందుకు ముప్పై అని అడిగితే "మా సీనియర్ అలాగే చేశారు సార్" అంటారు, లేదా "ముప్పై దాటితే లార్జ్ శాంపిల్ కదా" అంటారు. డిగ్రీ పుస్తకాల్లో ఆ ముప్పై ఏదో ఒక సందర్భంలో వచ్చే మోటు లెక్క. శాంపిల్ సగటు ప్రవర్తన నార్మల్ పంపిణీకి (గంట ఆకారపు వక్రరేఖకు) దగ్గరవుతుందని చెప్పేచోట దాన్ని వాడతారు. మీ మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఎందరు కావాలన్న ప్రశ్నకు దానితో సంబంధమే లేదు.

ఒక లెక్క చూడండి. పాత మందుతో నూటికి 80 మందికి నయమవుతోంది. కొత్త మందుతో 90 మందికి నయమవుతుందని మీ ఆశ. వైద్యంలో ఇది చిన్న మెరుగు కాదు. నయం కానివాళ్ల సంఖ్య సగానికి సగం తగ్గినట్టు. ఈ తేడాను పట్టుకోవడానికి 80 శాతం అవకాశం ఉండాలంటే, 5 శాతం సిగ్నిఫికెన్స్ స్థాయిలో (అంటే పి వాల్యూ 0.05 కన్నా తక్కువ రావాలన్న కొలతతో), గ్రూపుకు దాదాపు 200 మంది కావాలి. గ్రూపుకు 30 మందితో చేస్తే? మందు నిజంగా అంత బాగా పనిచేస్తున్నా, ఆ పరిశోధన దాన్ని పట్టుకునే అవకాశం సుమారు 20 శాతం. అంటే ఐదుసార్లు చేస్తే నాలుగుసార్లు "చెప్పుకోదగ్గ తేడా లేదు" అనే తేలుతుంది. మంచి మందు పనికిరానిదిగా థీసిస్‌లో నమోదై, లైబ్రరీ బీరువాలో కూర్చుంటుంది. ఆ 60 మంది రోగులు సంతకం పెట్టి, అదనంగా రక్తం ఇచ్చి, అదనంగా ఆసుపత్రి చుట్టూ తిరిగింది ఎందుకు? జవాబు రాదని ముందే తెలిసిన పరిశోధనలో రోగిని చేర్చుకోవడం ఎథిక్స్ కమిటీ ఆలోచించవలసిన విషయమని నా గట్టి అభిప్రాయం.

విద్యార్థులు ఆ లోటు ఎలా పూడ్చుకుంటారో కూడా చెప్పాలి. అసలు ప్రశ్నకు సిగ్నిఫికెంట్ రాలేదు కాబట్టి వయసువారీగా, ఆడ మగవారీగా, షుగర్ ఉన్నవాళ్లు లేనివాళ్లుగా విడగొట్టి, ఒక్కో రక్త పరీక్షకూ ఒక్కో టెస్టు పెడతారు. నిజానికి ఎక్కడా ఏ తేడా లేకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు పెడితే, కనీసం ఒక్కచోట 0.05 కన్నా తక్కువ పి వాల్యూ తగిలే అవకాశం 64 శాతం. అలా తగిలినది థీసిస్ ముగింపులో మొదటి వాక్యమవుతుంది. ఈ అలవాటు ఎంత పాకిందంటే, 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పి వాల్యూ అంటే ఏమిటో, ఏది కాదో వివరిస్తూ ప్రత్యేకంగా ఒక ప్రకటన విడుదల చేయవలసి వచ్చింది.

స్టాటిస్టిక్స్ ముందునుంచే ప్రయోగంలో ఉంటే ఏమవుతుందో చెప్పడానికి దూరం వెళ్లనక్కర్లేదు. కోవిడ్ రోజులు గుర్తు చేసుకోండి. 2021 ఏప్రిల్, మే నెలల్లో మన వాట్సాప్ గ్రూపుల నిండా ప్లాస్మా (కోలుకున్నవారి రక్తంలోని ద్రవభాగం) కోసం వేడుకోళ్లే. ఫలానా ఆసుపత్రిలో ఫలానా బ్లడ్ గ్రూపు, కోవిడ్ నుంచి కోలుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి రండి అని. జనం అర్ధరాత్రి బైకుల మీద వెళ్లి ఇచ్చొచ్చారు. ఆ దాతల మనసుకు చేతులెత్తి మొక్కాలి. కానీ ప్లాస్మా ఇస్తే రోగికి మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు జవాబు వచ్చి అప్పటికే సుమారు ఆరు నెలలైంది. భారత వైద్య పరిశోధన మండలి 2020 ఏప్రిల్ నుంచి జులై దాకా, దేశంలోని 39 ఆసుపత్రుల్లో, 464 మంది రోగులతో ప్లాసిడ్ అనే ట్రయల్ చేసింది. ఎవరికి ప్లాస్మా ఇవ్వాలో డాక్టరు ఎంచుకోలేదు, చీటీలు వేసినట్టు పంచే ర్యాండమైజేషన్ నిర్ణయించింది. జబ్బు తీవ్రమైనవారు లేదా చనిపోయినవారు ప్లాస్మా ఇచ్చిన వైపు 19 శాతం, ఇవ్వని వైపు 18 శాతం. ఫలితం 2020 అక్టోబరులో అచ్చయింది. బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ 11,558 మందితో చూసినా మరణాలు రెండు వైపులా 24 శాతమే. చివరికి 2021 మే నెలలో మన చికిత్స మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తీసేశారు.

అదే రికవరీ ట్రయల్ డెక్సామెథసోన్ గురించి 2020 జూన్‌లోనే చెప్పింది. ఏ మందుల షాపులోనైనా దొరికే చవక స్టెరాయిడ్ అది. మామూలు చికిత్స పొందినవారిలో 28 రోజుల్లోపు 25.7 శాతం చనిపోతే, ఈ మందు కూడా పొందినవారిలో 22.9 శాతం. ఆక్సిజన్, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు మేలు స్పష్టంగా ఉంది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలు కనిపించలేదు. ఈ అంకెల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మొత్తమ్మీద తేడా నూటికి మూడు కన్నా తక్కువ. వంద మంది రోగులను చూసిన ఏ డాక్టరు అనుభవానికీ అది అందదు, ఎంత గొప్ప వైద్యుడైనా సరే. వార్డులో చివరి బెడ్ దాకా నడిచి వచ్చినా కంటికి కనపడదు. ఆరు వేల మందికి పైగా రోగులను ముందే వేసుకున్న పద్ధతి ప్రకారం రెండు వైపులా పంచితేనే అది బయటపడింది. బయటపడ్డాక అది ప్రపంచమంతటా ఎన్నో ప్రాణాలు కాపాడింది. డాక్టరు అనుభవాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఏ మందును పరీక్షించాలో, ఎవరి మీద పరీక్షించాలో ఆ అనుభవమే చెప్పాలి. తేల్చే పని మాత్రం దాని చేతిలో లేదు.

ఈ సంప్రదాయానికి మన దగ్గర ఘనమైన చరిత్ర ఉంది. క్షయ వస్తే శానటోరియంలో (క్షయ రోగులను ఉంచే ప్రత్యేక ఆసుపత్రిలో) నెలల తరబడి పడుకోబెట్టాలన్నది 1950లలో లోకమంతా నమ్మిన మాట. మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి. మన వాళ్లకు మదనపల్లె ఆరోగ్యవరం అంటే అదే. అయితే రోగుల సంఖ్యకూ శానటోరియం మంచాల సంఖ్యకూ పొంతనే లేదు. 1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్సా కేంద్రం మొదలుపెట్టి, భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి ఒక సూటి ప్రశ్న వేశాయి: అవే మందులు ఇస్తే, ఇరుకింట్లో, అరకొర తిండితో ఉన్న పేద రోగికి కూడా శానటోరియం రోగిలాగే నయమవుతుందా?

దీనికి స్టాటిస్టిక్స్ ఎందుకంటారా? ఎవరిని ఎక్కడికి పంపాలో డాక్టర్లకు వదిలేస్తే, జబ్బు ముదిరినవాళ్లను శానటోరియానికి పంపుతారు. అది మానవ సహజం, మంచి వైద్యుల లక్షణం కూడా. కానీ అలా చేశాక రెండు వైపుల ఫలితాలను పోల్చడానికి వీలుండదు. శానటోరియంలో ఎక్కువమంది పోతే అది శానటోరియం లోపమా, జబ్బు తీవ్రతా? ఎప్పటికీ తేలదు. అందుకే ర్యాండమ్‌గా పంచారు. ఆ పద్ధతిని క్షయ వైద్యంలో గట్టిగా నిలబెట్టింది 1948లో బ్రిటన్‌లో అచ్చయిన స్ట్రెప్టోమైసిన్ ట్రయల్. ఆస్టిన్ బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే స్టాటిస్టీషియన్ దాని రూపకర్త. మద్రాసు పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేసి, రోగితో పాటు ఇంట్లో ఉన్నవాళ్లను కూడా ఏళ్లపాటు పరీక్షిస్తూ వచ్చారు. 1959లో వచ్చిన ఫలితం ప్రకారం ఇంటి దగ్గర చికిత్స పొందినవాళ్లు శానటోరియం వాళ్లతో దాదాపు సమానంగా కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు జబ్బు అంటుకునే ప్రమాదం కూడా అదనంగా పెరగలేదని తరవాతి ఏళ్లలో తేలింది. ప్రపంచమంతా క్షయకు ఇంటి దగ్గరే మందులివ్వడం మొదలైంది ఆ తరవాతే. ఈరోజు మన పల్లెలో క్షయ రోగి తన మంచం మీదే ఉండి, ఆశా కార్యకర్త తెచ్చిచ్చిన మందులు వేసుకుంటున్నాడంటే ఆ మద్రాసు ట్రయల్ పుణ్యం అందులో చాలా ఉంది. మన ఆసుపత్రుల్లో, మన రోగులతో, మన అవసరంలోంచి పుట్టిన ప్రశ్నతో లోకం తీరు మార్చిన పరిశోధన అది.

పశువైద్య మిత్రులతో ఒక మాట. గోదావరి జిల్లాల్లో కోళ్ల ఫారాలకు కొదవ లేదు కాబట్టి దాణా మీద థీసిస్‌లు చాలా వస్తుంటాయి. ఒక షెడ్డులో 500 లేయర్ కోళ్లకు కొత్త దాణా, పక్క షెడ్డులో 500 కోళ్లకు పాత దాణా పెట్టారనుకుందాం. కొన్ని వారాల తరవాత గుడ్ల సంఖ్య, బరువు లెక్కించి టీ టెస్టు (రెండు సగటులను పోల్చే పరీక్ష) పెడితే పి వాల్యూ 0.001 అని వస్తుంది. శాంపిల్ సైజు 1000 అని థీసిస్‌లో రాస్తారు. అక్కడి శాంపిల్ సైజు నిజానికి రెండు. దాణాను కేటాయించింది షెడ్డుకు. ఒక షెడ్డుకు గాలి బాగా ఆడుతుంది, మరోదానికి పడమటి ఎండ కొడుతుంది. ఒకదాన్ని చూసే మనిషి వేళకు వస్తాడు, ఇంకొకరు రారు. ఈ తేడాలన్నీ దాణా తేడాతో కలగలిసిపోయాయి. ఇక వాటిని ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. ముందే అడిగి ఉంటే ఒకే షెడ్డును తెరలతో 12 అరలుగా చేసి, చీటీలు వేసి, ఆరు అరలకు ఒక దాణా, ఆరింటికి ఇంకొకటి పెట్టమని చెప్పేవాళ్లం. కోళ్లు తక్కువ పట్టేవి, ఖర్చు తగ్గేది, జవాబు దక్కేది. ఊళ్ల సర్వేల్లోనూ ఇదే చిక్కు. పది ఊళ్లలో ఊరికి యాభై మంది చొప్పున 500 మందిని అడిగితే, ఒక ఊరివాళ్ల తిండీ నీళ్లూ అలవాట్లూ ఒక్కలాగే ఉంటాయి కనుక, ఆ సమాచారం విడివిడిగా ఏరిన 500 మందితో సమానం కాదు. ఒక్కోసారి వందమందికి కూడా సరితూగదు.

వ్యవసాయ పరిశోధన కేంద్రాల్లో ఈ తప్పు తక్కువే, ఒప్పుకుంటాను. బీఎస్సీ అగ్రికల్చర్ చదివే పిల్లలు కూడా ఆర్‌బీడీ (పొలాన్ని బ్లాకులుగా చేసి ఒక్కో బ్లాకులో చీటీ వేసి పంచే పద్ధతి), రెప్లికేషన్ (ఒకేదాన్ని ఎన్నో మడుల్లో మళ్లీ మళ్లీ వేసి చూడటం) అని గడగడా చెబుతారు. దానికి కారణం ఈ శాస్త్రం పుట్టిందే పొలంలో. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి ఎరువుల ప్రయోగాలు సాగుతూ, దస్త్రాలు పేరుకుపోయి ఉంటే, వాటి నుంచి ఏమైనా తీయగలరేమో చూడమని 1919లో ఫిషర్‌ను పనిలో పెట్టుకున్నారు. ఒకే పొలంలో ఒక మూల సారం, ఇంకో మూల చవుడు ఉన్నప్పుడు ఎరువు ప్రభావాన్ని నేల ప్రభావం నుంచి ఎలా వేరుచేయాలన్న చిక్కుముడిలోంచే బ్లాకులు, ర్యాండమైజేషన్, వేరియన్స్ విశ్లేషణ (ఏ తేడా దేనివల్ల వచ్చిందో విడదీసే లెక్క) వచ్చాయి. 1965 నుంచి రాజేంద్రనగర్ కేంద్రంగా నడుస్తున్న అఖిల భారత సమన్వయ వరి పథకంలో ఒక రకాన్ని ఎన్నోచోట్ల, ఎన్నో సీజన్లు, మళ్లీ మళ్లీ మడులు వేసి చూసే పద్ధతికి మూలం అదే. మారుటేరు 7029, బాపట్ల 5204 తిన్న ప్రతి తెలుగు ఇల్లూ ఈ శాస్త్రానికి ఎంతో కొంత రుణపడి ఉంది.

ఇక్కడ నా సొంత శాఖ గురించి కూడా చెప్పాలి. మేం సాయం చేసేవాళ్లం, మీరు పుచ్చుకునేవాళ్లు అనుకుంటే పొరపాటు. మీ ప్రశ్నలు లేకపోతే మా శాస్త్రం ఎదగదు. మన దేశంలో గణాంకశాస్త్రాన్ని నిలబెట్టిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ ఆచార్యుడు. మనుషుల కొలతలను విశ్లేషించమని జంతుశాస్త్రవేత్త నెల్సన్ ఆనండేల్ అడిగితే, ఆ పనిలోంచి రెండు జనసమూహాల మధ్య దూరాన్ని కొలిచే పద్ధతి పుట్టింది. ఇవాళ అది మహలనోబిస్ దూరం అనే పేరుతో కంప్యూటర్ సైన్సు దాకా వాడుకలో ఉంది. 1926లో ఒడిశాలో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగు మేట వేసి పైకి లేచింది కాబట్టి గట్లు ఎత్తు పెంచాలని ఇంజనీర్ల కమిటీ తేల్చింది. మహలనోబిస్ సుమారు 60 ఏళ్ల వర్షపాతం, వరద లెక్కలు ముందేసుకుని, నది అడుగు లేవలేదని, వాన ఎక్కువ పడిందని, గట్లు పెంచి ప్రయోజనం లేదని చూపించారు. ఎగువన నీటిని నిలిపే జలాశయాలు కట్టమన్నారు. కమిటీ నిర్ణయానికి అనుకూలంగా లెక్క చేసిపెట్టి ఊరుకోలేదు. అసలు ప్రశ్ననే మళ్లీ అడిగారు. స్టాటిస్టీషియన్ నుంచి మీరు ఆశించవలసింది అదే.

మన గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి సంగతి చూడండి. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి, కలకత్తా చేరారు. అక్కడ క్లాసు చెబుతుంటే, పెద్ద శాంపిళ్లలో అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే ఫిషర్ సూత్రం చిన్న శాంపిళ్లకు కూడా వర్తిస్తుందా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ విద్యార్థి తరవాతి రోజుల్లో పేదరికం మీద పేరుపొందిన పరిశోధన చేసిన ఆర్థికవేత్త వి.ఎం. దండేకర్. ఆ ప్రశ్నకు రావుగారు కనిపెట్టిన జవాబు 1945లో అచ్చయింది. డేటా ఎంత మంచిదైనా దాని నుంచి తీసే అంచనాలోని కచ్చితత్వానికి ఒక హద్దు ఉంటుందని చెప్పే క్రామర్–రావు అసమానత అది. రాడార్ సంకేతాల దగ్గర నుంచి క్వాంటమ్ భౌతికశాస్త్రం దాకా దాన్ని వాడుతున్నారు. మరుసటి ఏడాది కేంబ్రిడ్జి మ్యూజియం పిలుపు మీద ఆయన వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలతో రెండేళ్లు గడిపారు. అనేక కొలతలను ఒకేసారి విశ్లేషించే పద్ధతులు ఆ ఎముకల మధ్యే పదును తేరాయి. ఫిషర్ దగ్గర డాక్టరేట్ కూడా ఆ పనితోనే వచ్చింది. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడు ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పేరుతో హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ ఉంది, మనం గర్వపడుతున్నాం. ఆయన పని తీరు మాత్రం మన కాలేజీల్లోకి ఇంకా రాలేదు.

మా వాళ్లూ తమ వంతు చేయడం లేదు. వార్డులోకి రాకుండా, పొలం గట్టెక్కకుండా కంప్యూటర్ ముందు కూర్చుని సలహా చెబితే తప్పు దొర్లుతుంది. పంట దిగుబడి అంచనాకు మహలనోబిస్ చిన్న వృత్తాకారపు కోతలు చాలన్నారు, మరో గణాంకశాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే పెద్ద మడులు కావాలన్నారు. ఆ వాదం ఏళ్లపాటు నడిచింది. మడి మరీ చిన్నదైతే హద్దు మీద ఉన్న దుబ్బులను కోసేవాళ్లు లోపలికే లెక్కేస్తారు, దిగుబడి ఎక్కువ కనిపిస్తుంది. కొడవలి పట్టుకున్న చేయి చూస్తేనే ఇది అర్థమవుతుంది. ఇవాళ వరికి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న మడి కోసి బీమా లెక్కలు వేస్తున్నారంటే దాని వెనుక ఆ చర్చ ఉంది. కాబట్టి మీరు పిలిస్తే మేం మీ దగ్గరికి రావడం మా బాధ్యత. ఈ ఉత్తరం చదివే సాటి స్టాటిస్టిక్స్ అధ్యాపకులకు కూడా ఈ మాట చెబుతున్నాను.

డేటా వచ్చాక మా అవసరం ఉండదని కూడా నేననడం లేదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కణితిలోని జన్యువులు చూసి ఏ క్యాన్సర్ రోగికి ఏ మందు పనిచేస్తుందో చెప్పవచ్చని 2006లో ఒక పెద్ద పత్రికలో ప్రకటించారు. దాని ఆధారంగా రోగుల మీద ట్రయల్స్ కూడా మొదలయ్యాయి. టెక్సస్‌లోని ఎం.డి. ఆండర్సన్ కేంద్రంలో కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు స్టాటిస్టీషియన్లు ఆ లెక్కను మళ్లీ చేయబోతే కుదరలేదు. పట్టుదలగా తవ్వితే, జన్యువుల జాబితా ఒక వరుస కిందికి జరిగిందని, కొన్నిచోట్ల మందుకు లొంగే కణాలు, లొంగని కణాలు తారుమారయ్యాయని తేలింది. అంటే ఏ మందు పనిచేయదో ఆ మందే రోగికి ఇచ్చే ప్రమాదం. ఆ ట్రయల్స్ ఆగాయి, 2011లో ఆ పత్రం ఉపసంహరించారు. ఎక్సెల్ షీటులో ఒక్క వరుస జరగడం మన థీసిస్‌లలో ఎంత తేలికో మీకు వేరే చెప్పాలా? మన దగ్గర థీసిస్ డేటాను రెండోసారి తెరిచి చూసేవాళ్లే లేరు.

ఇక మీరు చేయగలిగినవి. సైంటిఫిక్ కమిటీలో ఒక స్టాటిస్టీషియన్‌ను కూర్చోబెట్టండి. సంతకానికి మాత్రమే పరిమితం చేయకుండా, సినాప్సిస్‌ను వెనక్కి పంపే అధికారం ఇవ్వండి. ప్రతి సినాప్సిస్‌లోనూ అసలు తేల్చదలచిన ఫలితం ఏదో ఒక్క వాక్యంలో రాయించండి. శాంపిల్ సైజు ఎలా వచ్చిందో లెక్క చూపించమనండి. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకునే ముందే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2018 ఏప్రిల్ నుంచి ఆ రిజిస్ట్రీ ముందస్తు నమోదునే అంగీకరిస్తోంది. అది విద్యార్థికి తలనొప్పి అనుకోకండి, తరవాత మాట మార్చకుండా కాపాడే రక్ష అది. తేడా కనబడలేదని నిజాయితీగా రాసిన థీసిస్‌ను వైవాలో చిన్నచూపు చూడకండి. ప్లాసిడ్ కూడా తేడా లేదనే చెప్పింది, అంతకన్నా ఉపయోగపడే వార్త ఆ ఏడాది చాలా తక్కువ. ప్రయోగ రూపకల్పనలో పాలుపంచుకున్న స్టాటిస్టీషియన్‌కు కో-గైడ్‌గా గుర్తింపు ఇవ్వండి. పేరు ఉంటే బాధ్యత కూడా ఉంటుంది.

వీటన్నిటికన్నా నేను ముఖ్యంగా అడిగేది ఇంకొకటి ఉంది. పది మెడికల్ కాలేజీల్లో పదిమంది పీజీలు ఇంచుమించు ఒకే ప్రశ్న మీద, గ్రూపుకు ముప్పై చొప్పున, వేరువేరు ప్రొఫార్మాలతో (రోగి వివరాలు నింపే ఫారాలతో), వేరువేరు కొలతలతో థీసిస్‌లు చేస్తారు. పదీ అసంపూర్ణమే, కలిపి చూద్దామన్నా కలవవు. ఆ పదిమందికీ ఒకే ప్రొటోకాల్, ఒకే ప్రొఫార్మా ఇచ్చి, ఒకేచోట ర్యాండమైజేషన్ జరిపి, ఒక్కొక్కరు 40 మంది రోగులను చేర్చుకుంటే మొత్తం 400. పైన చెప్పిన 80, 90 శాతాల లెక్కకు కావలసింది సరిగ్గా అంతే. తలా 60 మందిని పోగుచేసే శ్రమ కన్నా విద్యార్థికి తక్కువ పని. ప్రతి విద్యార్థికీ సొంత థీసిస్ ఉండాలన్న నిబంధనకు కూడా ఇబ్బంది లేదు. ప్రధాన ప్రశ్న అందరిదీ, దానికి తోడు దుష్ఫలితాలనో, ఖర్చునో, రోగి మందులు సరిగా వాడటాన్నో ఒక్కొక్కరు ఒక్కో ఉపప్రశ్నగా తీసుకుని తమ థీసిస్ రాసుకోవచ్చు. వ్యవసాయంలో బహుళ కేంద్రాల ప్రయోగాలు మీకు దశాబ్దాలుగా అలవాటే. వైద్యంలో, పశువైద్యంలో అది పీజీ స్థాయికి దిగి రావాలి. పాముకాటు, డెంగీ, రక్తహీనత, ఉద్దానం కిడ్నీ జబ్బు లాంటివి ఏ ఒక్క కాలేజీ ఒంటరిగా తేల్చగలిగేవి కావు. కలిస్తే తేల్చగలం.

దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే బ్యాచ్ సినాప్సిస్‌ల గడువుకు మూడు నెలల ముందు మీ విశ్వవిద్యాలయంలో ఒక రోజు కేటాయించండి. ఒక్క స్పెషాలిటీతో మొదలుపెడదాం, జనరల్ మెడిసిన్ అయినా, పిల్లల వైద్యం అయినా సరే. గైడ్లు తమ వార్డులో రోజూ ఎదురయ్యే, ఇంకా జవాబు దొరకని ప్రశ్నలను రాసుకుని రండి. రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోని స్టాటిస్టిక్స్ విభాగాల నుంచి రాగలిగినవాళ్లను నేను కూడగడతాను, మాకు పారితోషికం అవసరం లేదు. సాయంత్రానికి ఒక్క ప్రశ్న ఎంచుకుని, దానికి ఎందరు రోగులు కావాలో, ఏ కాలేజీ ఎందరిని చేర్చుకోగలదో కాగితం మీద పెట్టి లేద్దాం. తేదీ మీరు చెప్పండి.

ఇట్లు,
మీ ఆహ్వానం కోసం ఎదురుచూస్తున్న
ఒక గణాంకశాస్త్ర అధ్యాపకుడు